కంటైనర్‌లో టైమ్ జోన్: ఆ ఐదున్నర గంటల తేడా ఎక్కడిది?

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒక చిన్న సెట్టింగ్ గురించి మాట్లాడుకుందాం. చిన్నదే, కానీ నాకు గట్టిగా తగిలింది.

జాబ్ చేసే రోజుల్లో మందులు గుర్తుచేసే యాప్ ఒకటి మా టీమ్ చేసింది. పొద్దున 8 గంటలకు మెసేజ్ వెళ్లాలి. ఆ కోడ్ నాదే. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేశా, కరెక్ట్‌గా వచ్చింది. డాకర్ కంటైనర్‌లో పెట్టి సర్వర్‌కి ఎక్కించా.

మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకున్నా. ఇప్పుడు ఒంటిగంటన్నరకి మళ్లీ వేసుకోమని వచ్చింది. ఇంకోటి వేసుకోవాలా?" ఆయన అడిగారు కాబట్టి సరిపోయింది. అడక్కుండా వేసేసుకున్నవాళ్లు ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలేం జరిగిందంటే, కంటైనర్‌కి సొంత గడియారం ఉండదు. అది నడిచే మెషీన్ గడియారాన్నే వాడుకుంటుంది. ఆ గడియారం కరెక్టే. దాన్ని ఏ ప్రాంతం టైమ్‌గా చూపించాలన్నది మాత్రం కంటైనర్ లోపలి సెట్టింగ్. మనం ఏమీ చెప్పకపోతే చాలా ఇమేజ్‌లలో అది యూటీసీ. మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందుంటుంది. దానికి 8 అయ్యేసరికి మనకి 1:30 అవుతుంది.

మరి ఏం చేయాలి? టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి "ఏషియా స్లాష్ కోల్‌కతా" అని ఇవ్వండి. కంపోజ్ ఫైల్‌లో ఒక్క లైన్. తర్వాత ఉత్త రీస్టార్ట్ చాలదు, కంటైనర్‌ని కొత్తగా క్రియేట్ చేయాలి.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తింటాం. ఆల్పైన్ ఇమేజ్‌లో టీజెడ్‌డేటా ప్యాకేజీ మామూలుగా ఉండదు. అది ఇన్‌స్టాల్ చేయకపోతే ఎర్రర్ ఏమీ రాదు, చప్పుడు లేకుండా యూటీసీలోనే నడుస్తుంది. రెండోది, ఊరికే "ఐఎస్‌టీ" అని రాయడం. డెబియన్ లాంటి ఇమేజ్‌లలో పక్కన ఐఎస్‌టీ అనే కనిపిస్తుంది, టైమ్ మాత్రం యూటీసీదే! నేను మొదట చేసిన ఫిక్స్ ఇదే, అందుకే ఇంకో రోజు పోయింది.

కాబట్టి పేరు చూసి నమ్మకండి. కంటైనర్ లోపల డేట్ కమాండ్ కొట్టి, అంకెల్ని మీ ఫోన్‌లో టైమ్‌తో పోల్చుకోండి. అర నిమిషం పని. ఇప్పటికీ ఏది డిప్లాయ్ చేసినా నేను ముందు చూసేది ఇదే.

మీకూ ఇలాంటిది జరిగితే కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!