ఈక ఇండియన్, బొట్టు ఇండియన్

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం కొన్ని బొమ్మల గురించి చెబుతాను. రేడియోలో బొమ్మలేమిటండీ అని మీరు నవ్వుకోవచ్చు. నేను వర్ణిస్తాను, మీరు ఊహించుకోండి. కారు నడుపుతున్నవాళ్ళు మాత్రం కళ్ళు మూసుకోకండి!

అమెరికాలో నాలుగేళ్ళున్న మనవాళ్ళలో చాలామందికి ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. "మీరెవరు?" అంటారు. "ఇండియన్" అంటాం. "ఏ ఇండియన్? ఈక ఇండియనా, బొట్టు ఇండియనా?" అంటారు. అడిగినవాడికి అది పెద్ద జోకు. 1492లో కొలంబస్ ఎక్కడికో వెళ్ళాలనుకుని ఇంకెక్కడో దిగి, అక్కడి మనుషులకి మన పేరు పెట్టాడు. ఆయన పొరపాటుకి మనం, వాళ్ళు ఇవాళ్టికీ సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాం.

ఇది ఉత్త సరదా అని కొట్టిపారేయడానికి లేదు. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో "డాట్ బస్టర్స్" అని పేరు పెట్టుకుని ఒక ముఠా బయలుదేరింది. డాట్ అంటే మన ఆడవాళ్ళ నుదుటి బొట్టే. భారతీయుల్ని ఊరినుంచి తరిమేస్తామని పత్రికకి ఉత్తరం కూడా రాశారు. ఆ సెప్టెంబరులోనే పక్కనున్న హోబోకెన్‌లో ముప్ఫయ్యేళ్ళ భారతీయుణ్ణొకణ్ణి కుర్రాళ్ళ గుంపు కొట్టింది. ఆ దెబ్బలకే అతను చనిపోయాడు. ఒక మనిషిని చుక్కగానో ఈకగానో కుదించి చూడటం ఎంతదూరం వెళుతుందో ఆ రోజుల్లో అక్కడున్న మనవాళ్ళకి బాగా తెలుసు.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. అన్ను పాలకున్నత్తు మాథ్యూ గారని ఒక ఫొటో చిత్రకారిణి ఉన్నారు. ఇంగ్లండులో పుట్టారు, కొంత అక్కడా కొంత ఇండియాలోనూ పెరిగారు, తరవాత అమెరికా వచ్చి రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ బోధించారు. మీరు అసలు ఎక్కడివాళ్ళని అందరూ అడగడం, ఇండియన్‌నంటే మళ్ళీ "ఇండియా నుంచి వచ్చిన ఇండియన్‌ని" అని విడమరిచి చెప్పుకోవలసి రావడం ఆవిడకీ మామూలైపోయింది. 2001లో ఆ మాటనే పేరుగా పెట్టి "యాన్ ఇండియన్ ఫ్రమ్ ఇండియా" అని ఒక వరస బొమ్మలు మొదలుపెట్టారు.

పద్ధతి చాలా సులువు. ఎడమవైపు ఒక పాత ఫొటో, నూరేళ్ళ క్రితం ఎవరో తెల్లవాళ్ళు తీసిన అమెరికన్ ఆదివాసి ఫొటో. కుడివైపు అన్ను గారు, అదే భంగిమలో, అదే చూపుతో, అదే గోధుమరంగు పాత కాగితం ఛాయలో. ఒక జంటలో ఎడమ మనిషికి ఈక, కుడి మనిషికి బొట్టు. పేరు కూడా అంతే, "ఈక ఇండియన్, బొట్టు ఇండియన్". మన మీద వేసే జోకుని ఆవిడ చట్రం కట్టించి గోడకి తగిలించింది. చూడగానే నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఆ నవ్వు తగ్గాక ఎడమవైపు బొమ్మ మళ్ళీ చూస్తాం. అసలు పని అక్కడ మొదలవుతుంది.

ఎందుకంటే, కుడి బొమ్మ వేషమని మనకి తెలుసు. ఆవిడ ముస్తాబై, వెనక తెర కట్టుకుని, కెమెరా ముందు నిలబడింది. మరి ఎడమ బొమ్మ? అది నిజమా? ఈ పాత ఫొటోల్లో పేరుమోసినవి ఎడ్వర్డ్ కర్టిస్ తీసినవి. 1906లో జె. పి. మోర్గన్ అనే కోటీశ్వరుడు ఆయనకి 75,000 డాలర్లిస్తానని ఒప్పుకున్నాడు. 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు వచ్చాయి. అంతరించిపోతున్న జాతిని ఆఖరిసారి చూపిస్తున్నానన్నది ఆయన ధోరణి. 1910లో పీగన్ తెగవారి గుడారంలో తీసిన ఒక ఫొటో ఉంది. ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు, మధ్యలో ఒక గడియారం. అచ్చులో చూస్తే గడియారం లేదు! చెరిపేశారు. ఆదివాసి గుడారంలో గడియారముంటే వాడు మనలాగే ఈ కాలపు మనిషైపోతాడు కదా. అంతరించిపోయేవాడికి టైముతో ఏం పని?

ఇంకో జంట బొమ్మ ఉంది. దాని పేరులో "టామ్, అన్ను" అని ఉంటుంది, "ముందు, తరవాత" అని ఉంటుంది. టామ్ అంటే టామ్ టోర్లినో, నవహో తెగ యువకుడు. పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే ఊళ్ళో 1879లో ఆదివాసి పిల్లలకని ఒక బడి పెట్టారు. పిల్లల్ని ఇళ్ళకి దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడనివ్వని బడి అది. టామ్ 1882లో అక్కడికొచ్చాడు. వచ్చినప్పుడొక ఫొటో: పొడుగు జుట్టు, చెవిపోగులు, మెడలో హారాలు. మూడేళ్ళ తరవాత ఇంకొకటి: కోటు, టై, కత్తిరించిన జుట్టు. చిత్రమేమిటంటే రెండో ఫొటోలో ఒళ్ళు కూడా తెల్లబడింది! వెలుతురుతో చేసిన మాయ అంటారు. ఇలాంటి "ముందు, తరవాత" ఫొటోల్ని బడివాళ్ళు ప్రచారానికి పంచారు, అమ్మారు. ఇవాళ సబ్బుల ప్రకటనల్లోనూ బరువు తగ్గించే మందుల ప్రకటనల్లోనూ చూసే "ముందు, తరవాత" లాంటిదే.

అన్ను గారు టామ్ పక్కన తన రెండు ఫొటోలు పెట్టారు. ఒకదాంట్లో మన దుస్తులు, రెండోదాంట్లో ఇక్కడి దుస్తులు. ఇక్కడ నవ్వు కొంచెం గొంతులో అడ్డుపడుతుంది. మనందరి ఆల్బముల్లోనూ ఈ జంట ఉంటుంది కదండీ. శంషాబాదులోనో మీనంబాకంలోనో విమానమెక్కేముందు తీసిన ఫొటో ఒకటి, ఇక్కడ మొదటి మంచుకాలంలో కోటు వేసుకుని తీసుకున్నది ఒకటి.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. టామ్, మనం ఒకటి కాదు. మనం వీసా కోసం వరసలో నిలబడి, ఇష్టపడి వచ్చాం. కోటు మనమే కొనుక్కున్నాం. కార్లైల్ పిల్లల జుట్టు ఎవరో కత్తిరించారు. అందుకని ఒక వలస మనిషి తన ఇబ్బంది చెప్పుకోడానికి వాళ్ళ బాధని వాడుకోవచ్చునా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. నాకు తోచిన జవాబు ఇది: ఆవిడ ఎడమ బొమ్మని చెరపలేదు, దాని మీద ఎక్కి కూర్చోలేదు. పక్కన నిలబడింది. రెంటి మధ్య ఉన్న తేడా కూడా ఆ ఖాళీలో కనిపిస్తూనే ఉంటుంది.

పైగా ఆ ఎడమ బొమ్మలోని మనుషుల వారసులే ఇంతకంటే పదునైన హాస్యంతో బొమ్మలు చేస్తున్నారు. వెండీ రెడ్ స్టార్ అని క్రో తెగ కళాకారిణి. 2006లో "ఫోర్ సీజన్స్" అని నాలుగు ఋతువుల ఫొటోలు తీసింది. ఆవిడ సంప్రదాయ దుస్తుల్లో గంభీరంగా కూర్చుని ఉంటుంది. వెనక కొండలూ అడవీ. పరీక్షగా చూస్తే ఆ కొండలు ముడతలు పడ్డ తెర, గడ్డి ప్లాస్టిక్‌ది, జంతువులు గాలి ఊదిన బొమ్మలు! మ్యూజియంలో అద్దాల వెనక ఆదివాసుల్ని జంతువుల పక్కన నిలబెట్టే ఏర్పాట్ల మీద వేసిన వెటకారమది. 2014లో ఇంకో పని చేసింది. 1880లో వాషింగ్టన్‌కి చర్చలకి వెళ్ళిన క్రో నాయకుల పాత ఫొటోలు తీసుకుని, టీచరు కాగితాలు దిద్దినట్టు ఎర్ర సిరాతో వాటి మీద రాసింది. ఈయన పేరిది, ఈ నగకి అర్థమిది, ఈయన అన్న మాట ఇది, అని. ఆ నాయకుల్లో మెడిసిన్ క్రో అనే ఆయన బొమ్మ ఒక టీ సీసా మీదికి కూడా ఎక్కింది. టీ తాగేవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళెందరు?

నవ్వుల్లో రకాలున్నాయి. "సింప్సన్స్" కార్టూనులో 1990 నుంచీ అపూ అనే భారతీయ దుకాణదారు ఉన్నాడు. ఏళ్ళ తరబడి అతని యాసని పలికింది తెల్ల నటుడు. మన తెలుగువాళ్ళబ్బాయి, న్యూయార్కులో పుట్టిన హాస్యనటుడు హరి కొండబోలు 2017లో దీనిమీద "ది ప్రాబ్లం విత్ అపూ" అని ఒక చిత్రమే తీశాడు. 2020లో ఆ నటుడు ఇక అపూ గొంతు చెప్పనని ప్రకటించాడు. అపూ మీద నవ్వితే మనం ఎలా కనిపిస్తామో అక్కడే ఆగిపోతాం. అన్ను గారి బొమ్మ చూసి నవ్వితే, మనల్ని అలా చూపించిందెవరు అన్న దగ్గరికి వెళతాం.

ఈ అద్దాన్ని ఆవిడ మనవైపూ తిప్పారు. అంతకుముందే "బాలీవుడ్ సెటైరైజ్డ్" అనే వరసలో హిందీ సినిమా పోస్టర్లని కంప్యూటర్లో మార్చి, ఆడపిల్ల ఎలా ఉండాలి, ఏం చెయ్యకూడదు అని మన సమాజం పెట్టే షరతుల్ని పోస్టరు భాషలోనే వెక్కిరించారు. మనకీ ఆ అద్దం అవసరమే. మన బడి పుస్తకాల్లో వాళ్ళు "రెడ్ ఇండియన్లు". 1971లో కృష్ణగారి "మోసగాళ్ళకు మోసగాడు" చూసి మన ఊళ్ళలో పిల్లలు కౌబాయ్ ఆటలాడారు. ఆ ఆటలో అందరికీ టోపీయే కావాలి, ఈక ఎవరికీ అక్కర్లేదు.

ఏటా నవంబరులో మన పిల్లలు కొందరు బడినుంచి కాగితం ఈకల పట్టీ తలకి చుట్టుకుని ఇంటికొస్తారు. ఫొటో తీసి అమ్మమ్మకి పంపుతాం. ఈసారి పంపేముందు ఈ ఇద్దరు చిత్రకారిణుల బొమ్మలు పిల్లలకి చూపించండి. మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ ఫొటో తీసిందెవరు? డబ్బిచ్చిందెవరు? గడియారం ఎక్కడికి పోయింది? మూడో ప్రశ్నకి పిల్లలు తప్పకుండా నవ్వుతారు. నవ్వనివ్వండి. తరవాత వాళ్ళే అడుగుతారు.

మళ్ళీ వచ్చేవారం కలుద్దాం. సెలవు.