వానలో సైకిలు పందెము

నా చిన్నతనమున మా ఊరికి అప్పుడప్పుడు ఒక వినోదము వచ్చుచుండెడిది. బడి యెదుటి మైదానములో ఒక యువకుడు కొన్ని దినములపాటు సైకిలు దిగక గుండ్రముగా తిరుగుచుండెడివాడు. భోజనము, స్నానము అన్నియు సైకిలు మీదనే. మేము గుంపుగా నిలిచి, ఎప్పుడు కాలు నేల మోపునా యని కాచుచుండెడివారము. ఎన్నో యేండ్ల తరువాత, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న కాలమున, నేనును అట్లే చుట్లు తిరిగితిని. కాని అక్కడ నాతోపాటు మరి 40 మంది తిరిగిరి. పైగా వాన.

ఆ పందెమును క్రైటీరియం అందురు. ఊరి నడుమ నాలుగైదు వీధులకు రాకపోకలు ఆపి, ఒకటి రెండు కిలోమీటర్ల చుట్టు నేర్పరచి, ఇంతసేపు అని గడువు పెట్టి విడుతురు. చివరి చుట్టునకు గంట కొట్టుదురు. నడుమ గంట మ్రోగినచో, ఆ చుట్టును ముందుగా ముగించినవానికి ఒక చిన్న బహుమానము. ఆ రాష్ట్రముననే సోమర్‌విల్ అను పట్టణమున 1940లో ఇట్టి పందెమొకటి మొదలైనది. దానిని స్థాపించిన ఫ్రెడ్ కుగ్లర్ కుమారుడు ఫర్మన్ 1940లోను, 1941లోను గెలిచెను. 1942లో కార్ల్ ఆండర్సన్ గెలిచెను. ఇరువురును రెండవ ప్రపంచయుద్ధమున మరణించిరి. యుద్ధానంతరము ఆ పందెమునకు వారి పేర్లు చేర్చిరి.

నేను దిగినది అంతటి పందెము కాదు. ఒక చిన్న పట్టణమున శని, ఆదివారములలో క్రొత్తవారి కొరకు ఏర్పరచినది. చుట్టు 1.2 కిలోమీటర్లు, మూలలు 6, గడువు 40 నిమిషములు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున చుట్టునకు 2 నిమిషములు పట్టును. అనగా 20 చుట్లు, 120 మూలలు. ఎండగానున్న దినమున లెక్కకు రాని యీ 120 అను సంఖ్య, వాన కురియునప్పుడు మనసును వదలదు.

అదే వేగమున 15 మీటర్ల వ్యాసార్ధముగల మలుపు తిరుగవలెనన్నచో సైకిలు సుమారు 34 డిగ్రీలు ప్రక్కకు ఒరగవలెను. వేగము 30కి తగ్గించినచో 25 డిగ్రీలు చాలును. తడిసిన దారిమీద ఈ తొమ్మిది డిగ్రీల యందే అంతయు ఉన్నది. దారిపై తెల్లగీతలు, డ్రైనేజి ఇనుప మూతలు నీరు తగిలిన వెంటనే నున్నని రాళ్లవలె మారును. వాన మొదలైన కొలది నిమిషములలో, మోటారు వాహనములు విడిచిన నూనె పైకి తేలి మరింత జారుడగును. ఇవి తెలిసియే టైర్లలో గాలి కొంత తగ్గించుకొని బయలుదేరితిని.

తెలియనిది నా బ్రేకుల సంగతి. అవి పాత పద్ధతివి, రిమ్మును ఇరువైపుల నొక్కునవి. రిమ్ము తడిసియున్నప్పుడు మొదట ఏమియు పట్టవు. చక్రము తిరిగి నీరు తుడుచుకొనిపోవువరకు నొక్కినను నొక్కనట్లే ఉండును. అంతట ఒక్కసారిగా పట్టును. శనివారము ఏడవ చుట్టులో, నాలుగవ మూల నడుమ నాకు భయము కలిగెను. బ్రేకు నొక్కితిని. పట్టలేదు. ఇంకను గట్టిగా నొక్కితిని. సైకిలు గుంజినట్లు ఆగబోయెను. నేను పడలేదు. నా వెనుకనున్న ఆయన పడెను.

చప్పుడు మాత్రము విన్నాను. వెనుకకు తిరిగి చూచుటకు వీలులేదు. చూచినచో మరియొకరు పడుదురు. ఇట్లు పడినవారికి ఒక వెసులుబాటు కలదు. సైకిలు సరిచేసుకొని, ఒక చుట్టు పోనిచ్చి, మరల గుంపులో కలియవచ్చును. చివరి కొద్ది చుట్లలో మాత్రము అది లేదు. రెండు చుట్ల తరువాత ఆయన మోచేతినుండి రక్తము కారుచుండగా నన్ను దాటి ముందుకు పోయెను. ఏమియు అనలేదు.

అటుపై నేను గుంపు చివరకు చేరితిని. అక్కడనున్నచో ఎవరికిని అపకారము జరుగదనుకొంటిని. మూలయందు ముందువాడు వేగమును కొంచెము తగ్గించిన, పదవవాడు ఎక్కువ తగ్గింపవలెను, నలుబదవవాడు దాదాపు నిలువవలెను. మూల దాటగానే ఆ దూరమును పూడ్చుకొనుటకు ప్రాణములు బిగబట్టి తొక్కవలెను. భయపడినవానికే ఇచ్చట శ్రమ హెచ్చు. ఐదారు చుట్లలో నా పని అయిపోయినది. గుంపు నన్ను విడిచిపోయెను.

ఆదివారమును వానయే. గీతవద్ద నిలుచునప్పటికి ఆయన నా ప్రక్కనే యున్నాడు, మోచేతికి కట్టుతో. వయసున నాకంటె పెద్ద. క్షమింపుమని అడిగితిని. ఆయన నా బ్రేకులవంక చూచి, "మూలలో వాటిని ముట్టకుడు. మూలకు ముందు ఎంత నొక్కినను మీ యిష్టము" అని మాత్రము అనెను.

ఆ దినమున ప్రతి మూలకు ముందుగానే, నిటారుగా పోవుచున్నప్పుడే, బ్రేకును మెల్లగా రెండుసార్లు తాకి, రిమ్మును తుడిచి, వేగము తగ్గించి, అటుపై చేతులు సడలించితిని. లోపలి పెడలు నేలకు తగులకుండ పైకుంచి, బయటి కాలిపై బరువు మోపితిని. మొదటి పదిహేనుమందిలో నిలుచుటకు ప్రయత్నించితిని. నా వెనుక ఎవరున్నారో ప్రతి మూలయందును నాకు ఎరుకయే. నాలుగవ మూల వచ్చినప్పుడెల్ల గొంతు తడియారిపోయెడిది, అంత వానలోను. 41 మందిలో 19వవాడనై ముగించితిని. ఆయన 8వవాడు.

సాయంకాలము కుళాయివద్ద ఇరువురము సైకిళ్లు కడుగుకొంటిమి. ఆయన కట్టుతడవకుండ చేయి ఎత్తిపట్టుకొన్నందున, ఆయన సైకిలును నేనే కడిగితిని. ఎంత నీరు పోసినను గొలుసునుండి ఇసుక రాలుచునే యుండెను.