గీటురాయి చెప్పని విలువ
(నవాగామ్‌లో తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత గిల్టు నగల గురించి మాట్లాడమన్నారు. బ్యాంకులో బంగారు రుణాలు చూసే మనిషికి గిల్టు నగలతో పనేమిటని మీకు అనిపించవచ్చు. నిజానికి మా కౌంటరు దగ్గర ఎక్కువ కన్నీళ్లు వాటివల్లే.

ఇక్కడి తల్లి ఒకామె కొడుకు కాలేజీ ఫీజు కోసం గొలుసు తెచ్చింది. "మా అత్తమ్మ పెట్టింది మేడం, మూడు తులాలుంటది" అంది. చూపుకు మూడు తులాలే. తూకం వేస్తే ఒకటిన్నర కూడా రాలేదు. మా అప్రైజరు గీటురాయి మీద పైపైన రాస్తే బంగారు గీతే పడింది. అనుమానం తీరక కొక్కెం దగ్గర ఆకురాయితో చిన్న గంటు పెట్టి, నైట్రిక్ ఆసిడ్ చుక్క వేశాడు. పచ్చగా పొంగింది. లోపల ఇత్తడి. ఆమె అత్తగారు మోసం చేసిందా, మోసపోయిందా అన్నది ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

మాది బందరు. పక్కనే చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఆ గొలుసును తీసిపారేయబుద్ధి కాలేదు. ఇత్తడికో రాగికో పలచటి బంగారు రేకు అతికించి, వేడిమీద నొక్కి సాగదీస్తే వచ్చేది రోల్డ్ గోల్డ్. ఇప్పటి కరెంటు పూత కంటే దాని పొర మందం. అందుకే పైపైన రాస్తే గీటురాయి కూడా మోసపోతుంది. బరువు మోసపోదు. ఒకే సైజులో ఇత్తడి నగ 22 క్యారెట్ల నగలో దాదాపు సగమే తూగుతుంది.

1963లో మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయకూడదని నిబంధన తెచ్చారు. ఆయనది మన సూరత్‌కు దగ్గరి వల్సాడ్ ప్రాంతమే. బంగారం మీద అదుపు చట్టం 1990లో గానీ పోలేదు. ఆ రోజుల పెళ్లి ఫోటోల్లో మెరిసేదంతా బంగారమే అనుకోకండి.

బ్యాంకు లెక్కలో ఆ గొలుసు విలువ సున్నా. పాత నగలు సేకరించేవారి లెక్క వేరు. వాళ్లు ముందు నగను తిరగేస్తారు. రాళ్లను లోహపు కొక్కేలతో పట్టించారా, జిగురుతో అంటించారా అని చూస్తారు. పూత అరిగిన తీరు చూస్తారు. ఒంటికి తగిలే వెనక వైపు అరిగి, మిగతాది నిలిచి ఉంటే అది నిజంగా వాడిన పాత నగ. అంతటా ఒకేలా నల్లబడితే నాకైతే అనుమానమే.

విదేశీ నగల మీద ముద్రలు దారి చూపిస్తాయి. '1/20 12 కె జి.ఎఫ్.' అని ఉంటే బరువులో ఇరవయ్యో వంతు 12 క్యారెట్ల బంగారం, అంటే అసలు బంగారం నలభయ్యో వంతు. 1955లో ట్రిఫారీ కంపెనీ న్యూయార్క్ కోర్టులో నగల డిజైనుకు కాపీరైట్ రక్షణ సాధించింది. కంపెనీ పేరు పక్కన కాపీరైట్ గుర్తు ఉంటే సాధారణంగా నగ ఆ తర్వాతిదని లెక్క. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి పాత సామాన్ల సంతల్లో ఇవి కొంటుంటారు, వాళ్లకు చెప్పండి. మన ఊళ్ల గిల్టు నగలకు ముద్రలు అరుదు. కొన్న డబ్బా, దుకాణం చీటీ, అదే నగతో దిగిన ఫోటో ఉంటే అవే ముద్రలు. జత తప్పిన కమ్మకూ జత ఉన్న కమ్మలకూ ధర సగం తేడా కాదు, చాలా ఎక్కువ.

కూచిపూడి, భరతనాట్యం నగలు ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త. నాగర్‌కోయిల్ దగ్గరి వడసేరి పనివారు వెనకటికి వెండి మీద బంగారు రేకు, కెంపు రాళ్లు పొదిగి చేసేవారు. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు రాగి, గాజు. బయటికి రెండూ గిల్టే! గల్లీలోకి వచ్చి కిలోల లెక్కన కొనేవాడికి ఈ తేడా తెలుసు, మనకే తెలియదు. పాత జరీ చీరలు కొనేవాళ్లను మీరు చూసే ఉంటారు. చీరను కాల్చి వెండి తీసుకుంటారు. జరీ ఊళ్లో ఉంటూ మనం ఆ పాఠం నగల విషయంలో మరిచిపోతాం.

అలాగని పెట్టెలో నిధి ఉందని కూడా అనుకోవద్దు. ఎక్కువ గిల్టు నగలకు కొనేవాడే ఉండడు. ఫోన్‌లో ఎవరో పెట్టిన ధర చూసి మురిసిపోకండి. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. కొత్త పూత వేయిస్తే మెరుస్తుంది కానీ సేకరించేవాడు వెనక్కి ఇచ్చేస్తాడు.

ఆ తల్లి సంగతి చెప్పలేదు కదూ. విద్యారుణం కొంత మొత్తం వరకు తాకట్టు లేకుండానే ఇస్తాం, తల్లో తండ్రో జతగా సంతకం పెడితే చాలు. ఆమెకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. అప్పటికే గొలుసును కిలోల వాడికి ఇచ్చేద్దామనుకుంది. కొడుకు ఫారాలు నింపుతుంటే ఆమె గొలుసును మళ్లీ కొంగున ముడేసుకుంది. "గిట్ల అయినా మా అత్తమ్మదే కదా మేడం" అంది. ఆకురాయి గంటు పడింది కాబట్టి సేకరించేవాడి దగ్గర దాని ధర కొంచెం తగ్గింది. ఆ తగ్గింపు మా లెక్కలోనిదే.

సరే, మీరు తెచ్చిన మూటలు విప్పండి. ఒక్కొక్కటిగా చూద్దాం. తడిగుడ్డతో తుడవకండి, రాళ్ల వెనక రేకు నల్లబడుతుంది.