సిగ్గుచేతఁ బెరుగు రోగము



నేఁడు నేను ముచ్చటింపఁబోవు విషయము నలుగురిలో నోరు విప్పి చెప్పుటకు మనము సంకోచించునట్టిది. గుహ్యాంగములయందుఁ బుట్టు దురదను గూర్చియు, దానికి వాడవలసిన లేపనమును గూర్చియు నాలుగు మాటలు చెప్పఁదలఁచితిని. ఇట్టి ప్రసంగము పెద్దల సభకుఁ దగునా యని శంకింపవలదు. చరకసంహితయు, సుశ్రుతసంహితయు యోనిరోగములను ఇరువదిగా లెక్కించి, వాని లక్షణములను, చికిత్సలను దాఁపరికము లేక వివరించినవి. శాస్త్రకారులకు లేని సిగ్గు రోగికేల? ఆ సిగ్గే యీ చిన్న రోగమును పెద్దది చేయుచున్నది.

మొదట రోగస్వరూపమును తెలిసికొందము. కల్లు పులియుటకుఁ గారణమైన ఈస్టు అను సూక్ష్మజీవి బూజుజాతిలోనిది. ఆ జాతికే చెందిన మఱియొక ఈస్టునకు కాండిడా ఆల్బికాన్స్ అని పేరు. లాటిను భాషలో నీ రెండు పదములును తెలుపును సూచించునవే. ఇది వెలుపలినుండి దండెత్తి వచ్చిన శత్రువు గాదు. ఆరోగ్యవంతుల నోటియందును, ప్రేవులయందును, స్త్రీల యోనిమార్గమునందును కొలఁదిగా నివసించుచునే యుండును. అచ్చటనే యుండి మేలుచేయు బాక్టీరియాలు దానిని అదుపులో నుంచును. ఆ సమత్వము చెడినప్పుడే యది విజృంభించును.

సమత్వము చెడుటకుఁ గారణములు పెక్కులు. జ్వరాదులకై వాడిన ఆంటీబయాటిక్ మందులు ఆ మేలుచేయు జీవులను గూడ చంపును. గర్భధారణ మొక కారణము. స్టెరాయిడ్ మందులు మఱియొకటి. మధుమేహము ముఖ్యకారణము. స్త్రీలలో నూటికి 75 మందికి జీవితకాలములో ఒక్కమాఱైనను ఈ బాధ కలుగునని వైద్యుల యంచనా. దీనిని సుఖవ్యాధులలోఁ జేర్పరు. పెండ్లి కాని కన్యకును రావచ్చును. కావున కోడలికి దురదయు, తెల్లబట్టయుఁ గలిగినంతమాత్రమున నామె నడవడిని శంకించుటయు, మగనికి దురద పుట్టినచో భార్యయే యంటించినదని నిందించుటయు కేవలము అజ్ఞానము. ఇట్టి నిందకు వెఱచి నెలల తరబడి బాధను కడుపులో దాఁచుకొను స్త్రీలు మన యూళ్లలో నెందఱో గలరు.

ఇఁక లక్షణములు. స్త్రీలకు విపరీతమైన దురద, మంట, ఎఱ్ఱదనము, విఱిగిన పాలవలెఁ దరకలు గట్టిన తెల్లని స్రావము కలుగును. దుర్వాసన సాధారణముగా నుండదు. పురుషులకు శిశ్నాగ్రమున దురద, ఎఱ్ఱని మచ్చలు, ముందోలు క్రింద తెల్లని పూత కనఁబడును.

దీనికి మందు లేక కాదు. 1950లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖలోని ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను నిరువురు పరిశోధకురాండ్రు, ఒక పాడిపొలపు మట్టిలో దొరకిన సూక్ష్మజీవినుండి నిస్టాటిన్ అను మందును కనుఁగొన్నట్లు ప్రకటించిరి. తరువాత వచ్చిన క్లోట్రిమజోల్ నేఁడు మందుల దుకాణములలో తక్కువ వెలకే దొరకుచున్నది. ఈస్టుకణము చుట్టు నుండు పొరకు ఎర్గోస్టెరాల్ అను పదార్థ మావశ్యకము. క్లోట్రిమజోల్ దాని తయారీని ఆపివేయును. మన శరీరకణముల పొరలో ఆ పదార్థము లేదు. కావుననే యీ మందు బూజును బాధించి మనలను విడుచును.

వాడుక యిట్లు. పురుషులు నూటికి ఒక పాలు మందు గల క్లోట్రిమజోల్ క్రీమును కొనవలెను. ఆ చోటును మంచినీటితోఁ గడిగి, మెత్తని గుడ్డతోఁ దడి యొత్తి, రోజునకు రెండుమాఱులు పలుచగాఁ బూయవలెను. దురద రెండుమూడు దినములలోనే తగ్గవచ్చును, అంతమాత్రమున మానరాదు. సాధారణముగా రెండు వారములు వాడవలెను. స్త్రీలకు వెలుపలి పూత యొక్కటి చాలదు. లోపల నుంచుకొను మాత్ర వేఱుగా గలదు. అది 100 మిల్లీగ్రాములదైనచో ఆఱేడు రాత్రులు, 500 మిల్లీగ్రాములదైనచో ఒక్క రాత్రి పరుండఁబోవునపుడు ఉంచుకొనవలెను. గర్భిణులు వైద్యుని యనుమతి లేక దేనిని వాడరాదు; ఫ్లుకోనజోల్ అను మ్రింగుడు మాత్ర వారికిఁ దగదు. సబ్బుతోను, క్రిమిసంహారకద్రవములతోను లోపల కడుగుట మేలుచేయు జీవులను గూడ నశింపఁజేయును. తడిగోచిని, బిగువైన నైలాను లోదుస్తులను విడిచి నూలుబట్టలు కట్టుట మంచిది.

ఇచట మిక్కిలి జాగ్రత్త యొకటి గలదు. సిగ్గుచేత వైద్యునియొద్దకుఁ బోక, "దురదకు మందిమ్ము" అని దుకాణములో నడిగినవారి చేతికి తఱచుగా స్టెరాయిడు కలసిన క్రీము వచ్చుచున్నది. అది పూసిన గడియలోనే దురదను అణఁచును. కాని నిప్పుమీఁద బూడిద కప్పినట్లు లోపల బూజు పెరుగుచునే యుండును. సుకుమారమైన చర్మము పలుచనై చారలు పడును. ఇట్టి ప్రమాదమును గుర్తించియే భారతప్రభుత్వము 2018లో పదునాలుగు స్టెరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని నియమించినది. కావున కొనుటకు ముందు గొట్టము మీఁది పేర్లను చదువుఁడు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అను పేర్లు క్లోట్రిమజోల్ ప్రక్కన నున్నచో దానిని మీయంతట మీరు కొనకుఁడు.

పెద్దలకు ముఖ్యముగా చెప్పవలసినది మఱియొకటి. ఈ దురద మాటిమాటికి వచ్చినచో రక్తములోని చక్కెరను పరీక్షింపించుకొనుఁడు. తనకు మధుమేహమున్నట్లు దీనిచేతనే తొలుత నెఱిఁగినవారును గలరు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మధుమేహపు మాత్రలు అధికమైన చక్కెరను మూత్రముద్వారా వెడలించును. ఆ తీపితడి చర్మమున నిలిచినచో ఈస్టునకు విందే. అందువలన మాత్రను మీరే మానకుఁడు. మూత్రవిసర్జనానంతరము నీటితోఁ గడిగి తుడుచుకొనుఁడు, బాధను వైద్యునికిఁ జెప్పుఁడు.

తొలిసారి వచ్చినను, ఏఁటికి మూడు నాలుగుమాఱులు తిరుగఁబెట్టినను, జ్వరము, పొత్తికడుపునొప్పి, పుండ్లు, దుర్వాసన గల పచ్చని స్రావము కనఁబడినను స్వంతచికిత్స పనికిరాదు. ముట్లుడిగిన స్త్రీకి రక్తము కనఁబడినచో ఒక్కదినమైనను జాగు చేయరాదు. పురుషునకు ముందోలు బిగిసి వెనుకకుఁ బోకున్నను వైద్యుఁడే చూడవలెను.

అయ్యలారా, ఇంటిలో పెద్దవారు నోరు విప్పిననే పిన్నలకు ధైర్యము గలుగును. ఈ మాటలను మీ యిల్లాండ్రకుఁ జెప్పుఁడు. వారు కూఁతులకు, కోడండ్రకుఁ జెప్పుదురు. ఆశా కార్యకర్తతోనో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోని వైద్యునితోనో చెప్పుకొనుటలో పరువునకు లోపము లేదు. కంటికి కలకయు, కాలికి ఆనెయు వచ్చినట్లే యిదియు నొక దేహబాధ. దేహబాధకు మందు కావలెను గాని నింద కాదు.