గడియారాల దుకాణదారుడు కాస్పర్ టెన్ బూమ్

(శతవార్షికోత్సవ కూటములలో పురుషుల సహవాసమునందు చేసిన ప్రసంగము)



శతాబ్ది సంచిక అనగానే మిషనెరీలు, బిషప్పులు, తొలి బోధకులు మనకు జ్ఞాపకము వస్తారు. అది న్యాయమే. అయితే ఏ సంఘములోనైనా అంగడి నడుపుకొని, బిడ్డలను పెంచుకొని, ఆదివారము కానుక వేసి మౌనముగా ఇంటికి వెళ్లినవారే యెక్కువ. వారి ఫోటోలు మనకు దొరకవు. అట్టివారిలో ఒకని జీవితము, ఆయన కుమార్తె కోరీ 1971లో ‘ది హైడింగ్ ప్లేస్’ అను పుస్తకములో వ్రాసినందున, లోకమునకు తెలిసినది.

హాలెండు దేశమందలి హార్లెమ్ పట్టణములో ఆయన తండ్రి 1837లో గడియారాల దుకాణము తెరిచాడు. కాస్పర్ 1859లో జన్మించి, అదే దుకాణములో పని చేస్తూ ముసలివాడయ్యాడు. క్రింద అంగడి, పైన ఇరుకైన ఇల్లు. భార్య, నలుగురు బిడ్డలు, వారితోపాటు భార్య తోబుట్టువులు ముగ్గురు. తరువాతి కాలములో మిషనెరీల పిల్లలను కూడ తెచ్చి పెంచుకొన్నారు. ఉదయము ఫలహారము కాగానే వాక్యము చదివేవాడు. పనివారు కూడ ఆ బల్ల యొద్దనే కూర్చునేవారు.

పనిలో ఆయన బహు నేర్పరి. సరియైన సమయము తెచ్చుకొనుటకై ప్రతి సోమవారము రైలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లేవాడు. లెక్కలలో మాత్రము సమర్థుడు కాడు. బాగుచేసిన గడియారమునకు బిల్లు పంపుటయే మరచిపోయేవాడు! ఒకసారి అప్పు తీర్చవలసిన గడువు దగ్గరపడగా ఇంటివారు ప్రార్థన చేశారు. అంతలో ఒక పెద్దమనిషి వచ్చి ఖరీదైన గడియారము కొని రొక్కము చెల్లించాడు. మాటలలో, తన పాత గడియారమును మరియొక దుకాణములోని యువకుడు బాగుచేయలేకపోయాడని చెప్పాడు. కాస్పర్ దానిని విప్పి చూచి, చిన్న లోపము సవరించి, ఇక మీకు క్రొత్తది అక్కరలేదని డబ్బు తిరిగి ఇచ్చివేశాడు. ఆ యువకుని పేరు చెడకూడదని ఆయన ఆశ. కోరీ విస్తుపోయినది. మనలో వ్యాపారము చేయువారు ఆమె పక్షముననే ఉందురేమో.

1937లో దుకాణమునకు నూరేండ్లు నిండగా ఊరంతా వచ్చి అభినందించింది. మూడేండ్లకు జర్మను సైన్యము దేశమును ఆక్రమించింది. యూదులు ప్రాణభయముతో తలుపు తట్టినప్పుడు, ఆ తలుపు ఎప్పటివలెనే తెరువబడింది. కోరీ గదిలో ఒక దొంగగోడ కట్టి వారిని దాచారు. 1944 ఫిబ్రవరి 28న గెస్టాపోవారు ఇంటిమీద పడి కుటుంబమును పట్టుకొనిపోయారు. గోడ వెనుకనున్న ఆరుగురు మాత్రము వారికి దొరకలేదు. కుమార్తె బెట్సీ అదే సంవత్సరము డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరములో మరణించింది. కుమారుడు విల్లెమ్ చెరలో సోకిన వ్యాధితో 1946లో పోయాడు. ఒక మనుమడు శిబిరమునుండి తిరిగి రాలేదు.

కుటుంబమును ప్రేమించువాడు కుటుంబమును ఇట్టి అపాయములోనికి తీసికొనిపోవచ్చునా? ఈ ప్రశ్నను తేలికగా దాటివేయరాదు. నేనును బిడ్డల తండ్రినే. అయితే గమనించండి, ఆయన పిల్లలను బలవంతపెట్టలేదు. నలుబది, ఏబది ఏండ్లు దాటిన ఆ బిడ్డలు తమంతట తామే పూనుకొన్నారు. విల్లెమ్ తండ్రికంటె ముందే యూదులకు తన ఇంట చోటిచ్చాడు. పరులకు ఎప్పుడును చోటుండే బల్ల యొద్ద వారు పెరిగారు. నష్టము కలిగినను డబ్బు తిరిగి ఇచ్చిన తండ్రిని కన్నులారా చూచారు. అది ఒక్కనాటి ధైర్యము కాదని నా అభిప్రాయము.

పట్టుబడిన తరువాత, ముసలివాడని జాలిపడి, ఇకమీదట గొడవ చేయనని మాట యిస్తే ఇంటికి పంపివేస్తానని ఒక అధికారి అన్నాడు. నేడు నన్ను ఇంటికి పంపితే, రేపు అక్కరలో తలుపు తట్టినవానికి మరల తెరుస్తానని కాస్పర్ నిదానముగా జవాబు చెప్పాడు. ఆయనను తిరిగి వరుసలోనికి పంపారు. పది దినములకు, మార్చి 9న, 84 ఏండ్ల వయస్సులో, బిడ్డలెవరును ప్రక్కన లేకుండ చెరలోనే కన్నుమూశాడు.