పొద్దుగాల నాలుగింటికి కృష్ణానగర్‌కు బస్సేది?

(ఉద్యోగుల, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు మీరెట్ల వచ్చిండ్రో ఒక్కసారి యాది చేసుకోండ్రి. కొందరు మెట్రో దిగి వచ్చిండ్రు. కొందరు బండ్ల మీద వచ్చి, పెట్టుకునే జాగ దొరకక రెండు గల్లీలు తిరిగిండ్రు. ఇక్కడి మనిషి మాత్రం నడిచి వచ్చిండు. కృష్ణానగర్ అంటే అందరూ సినిమా అంటరు. నేనైతే నడక అంట.

ఈ బస్తీ పుట్టుకలనే నడక ఉన్నది. కింద అమీర్‌పేట దిక్కు సారథి స్టూడియో. 1959ల వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' అక్కడ తీసిందే. బంజారాహిల్స్ దిక్కు 1976ల అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. పైన గుట్ట మీద ఫిలింనగర్, రామానాయుడు స్టూడియో. మద్రాసు నుంచి పరిశ్రమ తరలి వస్తుంటే సర్కారు రాయితీలు ఇచ్చింది, జాగలు ఇచ్చింది. హీరోలు, నిర్మాతలు గుట్టెక్కిండ్రు. లైట్లు మోసేటోడు, బట్టలు ఇస్త్రీ చేసేటామె, గుంపుల నిలబడే జూనియర్ ఆర్టిస్టు ఎక్కడుండాలె? ఇటు స్టూడియోలకు, అటు సినిమా ఆఫీసులకు నడిచి పోయేంత దూరంల కిరాయి రూములు చూసుకున్నరు. మణికొండ దిక్కు చిత్రపురి కాలనీ అన్నది చాలా తర్వాతి ముచ్చట. నన్నడిగితే, బస్సు పైసలు మిగిల్చుకునేటందుకు నిండిన బస్తీ ఇది. ఇండ్ల పాలమూరు పోరడున్నడు, శ్రీకాకుళం పోరడున్నడు. మన పంచాయితీ ఆంధ్ర పాలకులతోని ఉండె గని, ఒక్క రూముల ఆరుగురు పండేటోనితోని ఎన్నడూ లేకుండె.

ఇగ పొద్దుగాల సంగతి చెప్త. షూటింగ్ ఆరింటికంటే జూనియర్ ఆర్టిస్టు నాలుగింటికే తయారై గణపతి కాంప్లెక్స్ దగ్గర నిలబడాలె. కంపెనీ బండి ఎక్కించుకుంటే ఆనాటి కూలి ఉన్నట్టు. లేకుంటే వాపస్. ఆ బండి దాకా వచ్చేటందుకు రహమత్‌నగర్ నుంచి, బోరబండ నుంచి ఆడోళ్లు చీకట్ల నడిచి వస్తరు. ఆ యాల్లకు మెట్రో ఉండదు, ఆరింటికి గని మొదలు కాదు. ఆటోవాడు అడిగింది ఇచ్చుకుంటే కూలిల సగం ఆడనే పాయె. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సుల టికెట్ లేదు. మంచి పని, కాదనను. ఎనిమిదింటికి గుట్ట మీది ఇండ్లల్ల పనికి పోయే అక్కలను అడగండ్రి, నెలకు ఎంత మిగులుతున్నదో చెప్తరు. కని నాలుగింటికి బయల్దేరే అక్కకు? అర్ధరాత్రి ప్యాకప్ అయినంక ఇల్లు చేరే అక్కకు? లేని బస్సుల టికెట్ మాఫీ అయితే ఏంది, కాకుంటే ఏంది?

మెట్రో 2019ల అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా వచ్చింది. మన పక్కకెళ్లే పోతది. మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. ఇవీ స్టేషన్లు. కృష్ణానగర్ పేరు ఒక్కదానికీ లేదు. పేరుల ఏమున్నది అంటరేమో. బండి ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్నోళ్లం మనం. 2014ల టీఎస్ ఇస్తే, 2024 మార్చిల మళ్ల టీజీ అయ్యేదాకా మనసు నిమ్మళం కాలే. అసొంటి మనం, స్టేషన్ బోర్డు మీద గుట్ట రోడ్డు నంబర్ ఉండి బస్తీ పేరు లేకపోతే చూసి ఊకున్నం.

పైసలు లేవందామా? 2020ల దుర్గం చెరువు మీద 184 కోట్లతోని తీగల వంతెన కట్టిండ్రు. 2024ల కేబీఆర్ పార్కు చుట్టు ఆరు కూడళ్లల్ల ఫ్లైఓవర్లకు, అండర్‌పాస్‌లకు 826 కోట్లు మంజూరు చేసిండ్రు. కారు ఆగకుండ పోవాలె, సరే. యూసుఫ్‌గూడ నుంచి వెంకటగిరి మీదుగ చెక్‌పోస్ట్ దాకా ఒక్కసారి నడిచి చూడండ్రి. ఫుట్‌పాత్‌ను స్టేషన్ మెట్లు ఎంత మింగినయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మింగింది, దుకాణం సామాను ఎంత మింగింది లెక్క తీయండ్రి. విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు.

వాన పడితే ఇంకో కథ. పైన బండలు పగలగొట్టి నేలంత సిమెంట్ చేసినంక నీళ్లు ఇంకే జాగ లేదు. నాలా పట్టదు. నీళ్లన్నీ మన గల్లీలకే దిగుతయి. నడిచే తొవ్వనే కాలువ. బండ్లు కొట్టుకపోతుంటే టీవీలల్ల చూపిస్తరు గని, ఆ నీళ్లు యాడికెళ్లి దిగినయో చెప్పరు.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపితే మనం నడిచినం, ఎవ్వరం సణగలే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2019ల అదే కార్మికులు 52 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. ఆ తర్వాత సిటీల బస్సులు వందల లెక్కన తగ్గినయి. రాష్ట్రం కోసం ఆగిన బస్సు రాష్ట్రం వచ్చినంక ఎందుకు తగ్గింది? ఈ మాట అడిగితే ఉద్యమ ద్రోహం అన్నోళ్లున్నరు. అననీయుండ్రి.

అడిగేది పెద్దగ లేదు. పొద్దుగాల మూడున్నర నుంచి ఆరు దాకా బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఫిలింనగర్ తిరిగే రెండు బస్సులు. అర్ధరాత్రి అవే రెండు. స్టేషన్ బోర్డు మీద బస్తీ పేరు. గుట్ట నీళ్లకు గుట్ట మీదనే ఇంకుడు గుంతలు. ఈ సభల ఆర్టీసీ ఉద్యోగులున్నరు, మున్సిపల్ ఉద్యోగులున్నరు. ఫైలు ఎట్ల కదులుతదో నాకంటే మీకే ఎరుక.

వచ్చే ఆదివారం పొద్దుగాల నాలుగింటికి గణపతి కాంప్లెక్స్ దగ్గర నేనుంట. వచ్చేటోళ్లు కాయితం, పెన్ను తెచ్చుకోండ్రి. ఎంతమంది నడిచి వస్తున్నరు, ఎక్కడికెళ్లి వస్తున్నరు, మనమే రాసుకుందాం.