మలబద్ధకం: ఆపుకొనే అలవాటు, ఆపించే పరిస్థితులు



మలబద్ధకాన్ని గురించి నలుగురిలో మాట్లాడటానికి చాలామంది సంకోచిస్తారు. ఆ సంకోచమే బాధను ముదరనిస్తుంది. వారానికి మూడుసార్లకంటె తక్కువగా విరేచనం కావడం, మలం గట్టిపడి ముక్కవలసి రావడం, వెళ్లివచ్చినా కడుపు ఖాళీ అయినట్లు తోచకపోవడం దీని లక్షణాలు. ప్రతిదినమూ విరేచనం కానంత మాత్రాన అది వ్యాధి కాదు.

ఆహారం జీర్ణమైన తరువాత మిగిలినది పెద్దపేగును చేరేటప్పుడు పలుచగా ఉంటుంది. అందులోని నీటిని పేగు పీల్చుకొంటుంది. అక్కడ ఎంతసేపు నిలిస్తే మలం అంతగా ఎండిపోతుంది. మాటిమాటికి ఆపుకొనేవారికి క్రమంగా విసర్జన సూచనే మందగిస్తుంది. సహజ వేగాలను అణచరాదని చెప్పడానికి చరకసంహిత సూత్రస్థానంలో 7వ అధ్యాయమే ఉంది.

అయితే ఆపుకోవడం అన్నివేళలా అలక్ష్యం కాదు. తెలంగాణ పల్లెల నుండి భివండికి వచ్చిన మరమగ్గాల కార్మికుడు 12 గంటల షిఫ్టులో, షెడ్డు వేడిమిలో చెమటోడుస్తాడు; తాగే నీరు స్వల్పం. తెల్లవారితే ఉమ్మడి మరుగుదొడ్డి ముందు వరుస. తన వంతు వచ్చేలోగా పనివేళ అవుతుంది. చీకటిలో దూరం వెళ్లడానికి జంకి ఇల్లాలు సాయంకాలం నుండే నీళ్లు మానేస్తుంది. వీరికి ఆహార నియమం ఒక్కటే చాలదు.

పెద్దలకు రోజుకు 25 నుండి 30 గ్రాముల పీచు అవసరం. స్వగ్రామంలో జొన్నరొట్టె తిన్నవారికి ఇక్కడి జ్వారీ భాకరీ కొత్త కాదు. దానితో ఆకుకూర, గోరుచిక్కుడు, పెసలు, జామపండు చేర్చుకోవాలి. పీచును ఒక్కసారిగా కాక క్రమంగా పెంచాలి. తగిన నీరు తాగాలి. మూత్రపిండాల, గుండె జబ్బులున్నవారు నీటి పరిమాణం వైద్యుని అడగాలి.

భోజనానంతరం పెద్దపేగు కదలిక పెరుగుతుంది. కనుక ఉదయం ఫలహారమైన తరువాత పది నిమిషాలు విసర్జనకు కేటాయించడం మేలు. కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకొంటే సులభం. ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసు నీటితోనే తీసుకోవాలి. సునాముఖి, ఆముదం నిత్యం వాడరాదు. గర్భిణులు ఆముదం తాగరాదు. ఇనుము మాత్రలవల్ల మలబద్ధకం కలిగితే వాటిని మానక వైద్యునికి చెప్పాలి.

మలంలో రక్తం, కారణం తెలియని బరువు తగ్గుదల, నడివయసు దాటాక విసర్జనలో కొత్తగా మార్పు కనిపిస్తే ఆలస్యం తగదు. వాంతులతో కడుపు ఉబ్బి, గాలికూడా పోకుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తాగునీరు, స్త్రీ పురుషులకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించింది. మరుగుదొడ్డికి తలుపు, దీపం, నీరు లేవని వార్డు కార్యాలయంలో ఫిర్యాదు చేయడం సిగ్గుపడవలసిన పని కాదు. అదికూడా ఈ వ్యాధికి చికిత్సే.